పీహెచ్‌డీకి గైడ్ దొరికేదాకా: హనుమకొండ నుంచి నా పదకొండు నెలలు

పోయిన సోమవారం, అక్టోబర్ 13న, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఫీజు కట్టి రసీదు తీసుకున్నాను. 2024 నవంబర్‌లో నెట్‌కు, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలకూ పీహెచ్‌డీకీ పెట్టే జాతీయ అర్హత పరీక్షకు, అప్లై చేసినప్పటి నుంచి లెక్కేస్తే పదకొండు నెలలు. అందులో పరీక్ష కోసం చదివింది రెండు నెలలే. మిగతా కాలమంతా గైడ్‌ను, అంటే నా పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్‌ను, వెతకడంలోనే పోయింది. నేను అడిగినవాళ్లంతా నెట్ ఎలా పాస్ కావాలో చెప్పారు, ఇంటర్వ్యూకి ఏ చీర కట్టుకోవాలో కూడా చెప్పారు. గైడ్ ఏం చదువుకొని వచ్చారో, దేని మీద పని చేస్తున్నారో తెలుసుకొని ఎంచుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది తెలియక ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను. అందుకే మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

నాది బీటెక్ మెకానికల్, ఆ తర్వాత ఎంబీఏ. హనుమకొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా పుట్టినూరు సుల్తానాబాద్ దగ్గర. బాపు అక్కడి రైస్‌మిల్లుల్లో ఇరవై రెండేళ్లు ఆపరేటర్‌గా చేశాడు. మిల్లుల్లోకి సార్టెక్స్ మిషన్లు, అంటే రంగు చూసి నల్ల గింజల్ని ఏరేసే మిషన్లు, వచ్చినప్పుడు ఒక మిల్లు బాగుపడడం, పక్క మిల్లులో అదే మిషన్ గుడ్డ కప్పుకొని మూలకు ఉండడం చిన్నప్పటి నుంచి చూశాను. దాని మీదే పరిశోధన చేయాలని నా కోరిక. ఆ కోరికకు టెక్నాలజీ మేనేజ్‌మెంట్ అనే పేరుందని ఎంబీఏలోనే తెలిసింది.

నెట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీకి విడిగా ఎంట్రన్స్ పెట్టకుండా నెట్ స్కోరే తీసుకుంటున్నాయి. నేను అప్లై చేసినప్పుడు ఓబీసీ కేటగిరీలో ఫీజు 600 రూపాయలు. 2025 జనవరిలో మేనేజ్‌మెంట్ పేపర్ రాశాను, సెంటర్ వరంగల్‌లోనే పడింది. ఫిబ్రవరి 22న ఫలితాలు వచ్చాయి. నాకు జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, రాలేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కూడా రాలేదు. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చింది. ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతుంది. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ 30 శాతమే నన్ను ఏడిపించింది.

మార్చి మొదట్లో పిల్లాడి పాత నోట్‌బుక్ ఒకటి తీసుకొని, మూడు విశ్వవిద్యాలయాల్లో టెక్నాలజీ మేనేజ్‌మెంట్ వైపు పని చేసేవాళ్ల పేర్లన్నీ రాసుకున్నాను. నలభై ఒక్కరు తేలారు. ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ల ప్రొఫైల్లో ‘పరిశోధనా ఆసక్తులు’ కింద ఉన్న మాటలు రాసుకున్నాను. ఇన్నోవేషన్, టెక్నాలజీ అడాప్షన్, సప్లై చైన్, ఇండస్ట్రీ 4.0, పేటెంట్లు, ఎంట్రప్రెన్యూర్‌షిప్. ‘టెక్నాలజీ అడాప్షన్’, అంటే కొత్త టెక్నాలజీని జనం వాడకంలోకి తెచ్చుకోవడం, అన్న మాట ఉన్న పదకొండు మంది పేర్ల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఏప్రిల్ 4న ఆ పదకొండు మందికీ మెయిల్ పెట్టాను. మెయిల్ ఒకటే, పేర్లు మాత్రం మార్చాను. ‘మీ ఆసక్తులు, నా ఆసక్తులు కలుస్తున్నాయి’ అని రాశాను.

ఆ తర్వాత వచ్చిన రోజులు గుర్తు చేసుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోన్ తీసి చూసేదాన్ని. ఆరో రోజు ఒక జవాబు వచ్చింది, సీట్లు లేవని. పద్దెనిమిదో రోజు ఇంకొకటి వచ్చింది, నోటిఫికేషన్ చూసి అప్లై చేసుకోమని. మిగతా తొమ్మిది మంది ఏమీ అనలేదు. నా చదువు సరిపోలేదేమో, ప్రైవేటు కాలేజీ పేరు చూసి వదిలేశారేమో అనుకున్నాను. మా ఆయన మాత్రం, ‘వాళ్లకు రోజుకు ఇట్లాంటివి ఇరవై వస్తయి. నీ మెయిల్ల నీ గురించి ఏమున్నది?’ అని అడిగాడు. అప్పుడు కోపమొచ్చింది కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

మొదటి ఇంటర్వ్యూ జూన్ 17న, హైదరాబాద్‌లో. తెల్లవారుజామున హనుమకొండలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. తొమ్మిదింటికి రమ్మన్నారు, నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం రెండు నలభై. కాబట్టి ఎవరైనా వెళ్తే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తీసుకెళ్లండి. లోపల నలుగురున్నారు. నా ప్రపోజల్, అంటే ఏం పరిశోధన చేస్తానో రాసిచ్చిన ప్రణాళిక, అప్పటికి చాలా మామూలుగా ఉంది. మూడు వందల మంది మిల్లర్లకు ప్రశ్నావళి ఇచ్చి, సార్టెక్స్ ఎందుకు కొన్నారో, ఎందుకు కొనలేదో లెక్కలు కడతానన్నాను. ఫ్రెడ్ డేవిస్ 1989లో అచ్చు వేసిన మోడల్ మీద ఆ ప్రశ్నావళి నిలబడుతుంది. కొత్త టెక్నాలజీ తనకు ఉపయోగపడుతుందని మనిషి అనుకుంటున్నాడా, వాడడం తేలికనుకుంటున్నాడా అన్న రెండింటి చుట్టూ తిరిగే మోడల్ అది. మన దగ్గర ఎంబీఏ ప్రాజెక్టుల్లో సగం దాని మీదే వస్తుంటాయి.

కుడివైపు కూర్చున్న సార్ నెమ్మదిగా అడిగారు. ‘ఆ మోడల్ ఆఫీసులో కంప్యూటర్ వాడేవాళ్ల కోసం పుట్టింది. తనకోసం తాను నిర్ణయించుకునే మనిషి కోసం. మీ మిల్లులో మిషన్ కొనేది ఒకరు, నడిపేది ఒకరు. ప్రశ్నావళి ఎవరికిస్తారు?’

నా దగ్గర జవాబు లేదు. మా బాపు నడిపేవాడు, ఓనరు కొనేవాడు. ఇరవై రెండేళ్లు నా కళ్ల ముందు జరిగిన సంగతి అది, నా ప్రపోజల్లో మాత్రం లేదు. తర్వాత ఆయనే, ‘ఈ గదిలో ఉన్న మా నలుగురిలో ఎవరి పేపరైనా ఒక్కటి చదివారా?’ అని అడిగారు. పేరు పేరునా ఆసక్తుల లిస్టు అప్పగించబోయాను. ఆయన తలూపి, ‘అవి ఎప్పుడో పదేళ్ల కింద రాసి పెట్టినవమ్మా’ అన్నారు. అందులో వెటకారమేమీ లేదు, ఉన్న మాటే చెప్పారు. తొమ్మిది నిమిషాల్లో బయటికొచ్చాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. జూలై 3న లిస్టు పెట్టారు, అందులో నా పేరు లేదు.

మరుసటి ఆదివారం సుల్తానాబాద్ వెళ్లి, సార్టెక్స్ నడిచేటప్పుడు చూపించమని బాపును అడిగాను. చిన్నప్పుడు దుమ్ములో నిలబడనిచ్చేవాడు కాదు. ఈసారి తెలిసిన మిల్లుకు తీసుకెళ్లి పక్కనే నిలబెట్టాడు. బియ్యం వాలుగా ఉన్న రేకు మీద నుంచి పలచటి పొరలా జారుతుంటాయి. గాజు వెనకాల లైటు, ముందూ వెనకా కెమెరాలు. నల్ల గింజ కనబడిన క్షణంలోనే సన్నటి రంధ్రంలోంచి గాలి కొట్టి దాన్ని పక్క పైపులోకి నెడుతుంది. ఆ వాల్వులు కొట్టే చప్పుడు టకటకమని రేకు మీద వాన చినుకుల్లా వినిపిస్తుంది. బాపు పక్క పైపు కింద చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. నల్ల గింజలు నాలుగైతే, తెల్లగా నిగనిగలాడే మంచి గింజలు పది.

‘చూసినవా బిడ్డా, మిషన్ మంచిదే. సెట్టింగ్ ఎక్కువ పెట్టిండ్రు. మంచి బియ్యం కూడ పోతున్నయి. ఓనరు మిషన్ బాగలేదంటడు. పాత ఆపరేటర్ పోయి ఆర్నెల్లాయె, కొత్త పిలగానికి ఎవరూ చెప్పలే.’

కంప్రెసర్ గాలిలో తడి ఉంటే వాల్వులు పాడవుతాయని, వడ్ల రకం మారినప్పుడల్లా సెట్టింగ్ మార్చాలని, అది మార్చడం తెలిసిన మనుషులు ఆ చుట్టుపక్కల కొద్దిమందే ఉన్నారని, వాళ్లను ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లు ఎక్కువ జీతమిచ్చి పిలుచుకుపోతుందని ఆ రోజు బాపు చెప్పాడు. బస్సులో తిరిగొస్తూ నా ప్రశ్న మార్చి రాసుకున్నాను. మిషన్ ఎందుకు కొన్నారన్నది వదిలేశాను. మిషన్ గురించిన తెలివి మిల్లులో ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి వెళ్లిపోతే ఏమవుతుంది? ఇదీ కొత్త ప్రశ్న.

ప్రశ్న మారాక గైడ్ల లిస్టు కూడా మారింది. ఈసారి ఆసక్తుల మాటలు పక్కన పెట్టి, ఒక్కొక్కరూ ఏ చదువు నుంచి ఈ రంగంలోకి వచ్చారో చూడడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, టెక్నాలజీ మేనేజ్‌మెంట్ అన్న ఒక్క పేరు కింద ఎంత మంది రకరకాల మనుషులు కూర్చుని ఉన్నారో. బీటెక్ మెకానికల్ చేసి, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ మీదుగా వచ్చినవాళ్లు కొందరు. వాళ్లకు నా మిల్లు చూపిస్తే షెడ్యూలు, వేస్టేజీ, ఖర్చు కనబడతాయి. కంప్యూటర్స్ నుంచి వచ్చినవాళ్లు సాఫ్ట్‌వేర్ వాడకం చూస్తారు. స్టాటిస్టిక్స్ వాళ్లకు ముందు శాంపిల్ కావాలి. సైకాలజీ నుంచి వచ్చినవాళ్లు ఆపరేటర్ మనసు గురించి అడుగుతారు. ఎకనామిక్స్ నుంచి వచ్చినవాళ్లు పరిశ్రమనూ, కూలీనూ, నేర్చుకోవడాన్నీ చూస్తారు. అందరూ ‘ఇన్నోవేషన్’ అనే రాసుకుంటారు. దాని కింద అడిగే ప్రశ్న మాత్రం వాళ్ల మొదటి చదువు నుంచి వస్తుంది.

ఆ రోజుల్లోనే ఎవరెట్ రోజర్స్ గురించి చదివాను. కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పాకుతాయో 1962లో పుస్తకం రాసిన మనిషి, మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆయన గీసిన గీతల్నే బోర్డు మీద వేస్తాం. ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతు కొడుకు. పీహెచ్‌డీ చేసింది సోషియాలజీలో. వాళ్ల నాన్నకు యంత్రాలంటే ఇష్టమే కానీ, హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం మాత్రం వద్దన్నాడట. 1936 కరువులో పక్కవాళ్ల హైబ్రిడ్ చేను నిలబడింది, వీళ్ల చేను వాడిపోయింది. అది చూసిన పిల్లాడు పెద్దయ్యాక ఆ ప్రశ్న మీదే పని చేశాడు. అది చదివాక నాకు ధైర్యమొచ్చింది. మా బాపు మిల్లు నా ప్రపోజల్లో ఉండడం తప్పేం కాదనిపించింది.

ప్రొఫైళ్లు చదవడంలో నాకు అందరికంటే ఎక్కువ సాయపడింది శోధ్‌గంగ. మన దేశంలో పూర్తయిన పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ పెడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ముందు గైడ్ తాను చేసిన థీసిస్ కోసం వెతికాను. పాతవి కొన్ని దొరకలేదు, దొరికినవాటి శీర్షిక చూస్తేనే సగం సంగతి తెలిసిపోయింది. ‘టెక్నాలజీ అడాప్షన్’ అని రాసుకున్న ఒకరి థీసిస్ బ్యాంకు మార్కెటింగ్ మీద ఉంది, ఐదేళ్లుగా వేసిన పేపర్లన్నీ సప్లై చైన్ మీద. ఆ తర్వాత గైడ్ పేరుతో వెతికితే వాళ్ల కింద పూర్తయినవి వచ్చాయి. థీసిస్‌ను ముక్కలు ముక్కలుగా ఫైళ్లు చేసి పెడతారు. అందులో కృతజ్ఞతల పేజీ తప్పకుండా తెరవండి. ఒక స్కాలర్ తన గైడ్ ప్రతి చాప్టర్‌ను మూడుసార్లు దిద్దారని రాసింది. ఇంకొకరు గైడ్ గురించి ఒకే వాక్యం రాసి, ల్యాబ్ అటెండర్ గురించి నాలుగు వాక్యాలు రాశాడు. చేరిన ఏడాది, పూర్తయిన ఏడాది తెలిసిన చోట లెక్క వేసుకున్నాను. ఒక గైడ్ కింద నలుగురికీ ఏడేళ్లు దాటింది. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. ఆ పేరు కొట్టేశాను.

నలభై ఒక్కరిలో ఐదుగురు మిగిలారు. జూలై 21 నుంచి రోజుకొకరికి మెయిల్ రాశాను. ఒక్కో మెయిల్‌కు ముందు వాళ్లవి కనీసం రెండు పేపర్లు పూర్తిగా చదివాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మా పిన్ని కూతురు కొన్ని పేపర్లు తెచ్చిపెట్టింది. మెయిల్లో మొదటి వాక్యమే నా అరచేతిలో పోసిన గింజల గురించి. రెండో పేరాలో వాళ్ల పేపర్లో నాకు అర్థం కాని ఒక్క విషయం అడిగాను. మొత్తం పద్దెనిమిది వరుసలు దాటలేదు.

ఐదుగురిలో నలుగురు జవాబిచ్చారు. మొదటిది పదకొండు గంటల్లో వచ్చింది. నా ప్రశ్నకు అచ్చంగా సరిపోయే మనిషి ఆయన, చిన్న పరిశ్రమల్లో నేర్చుకోవడం మీద పాతికేళ్లు పని చేశారు. కానీ ఏడాదిన్నరలో రిటైరవుతున్నారు. సర్వీసు మూడేళ్లకంటే తక్కువ మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నిబంధనల్లో ఉంది. అది నాకు తెలియదు. మీరు మాత్రం మెయిల్ పెట్టేముందే గైడ్ సర్వీసు ఎంత మిగిలిందో కనుక్కోండి. రెండో ఆవిడ అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆవిడ కింద నాలుగు సీట్లూ నిండాయి. ప్రొఫెసర్‌కైతే ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు, అంతే. మూడో ఆయన పేరున్నవాడే, కానీ ప్రశ్నావళి పద్ధతికే మారమన్నారు. రెండు రోజులు ఆలోచించి వద్దని మర్యాదగా రాశాను. ఆ మెయిల్ పంపేటప్పుడు చేతులు వణికాయి, ఎందుకంటే సీటు ఖాళీ ఉన్నది ఆయన దగ్గరే అని అప్పటికి అనుకుంటున్నాను.

నాలుగో జవాబు మేడమ్‌ది, పన్నెండో రోజు వచ్చింది. ఎంఏ ఎకనామిక్స్, పీహెచ్‌డీ చిన్న ఫౌండ్రీల్లో, అంటే లోహం పోతపోసే కార్ఖానాల్లో, యంత్రాల మీద. ఆవిడ ఒకటే అడిగారు. ‘కొత్త పిలగాడికి ఎవరూ చెప్పలేదన్నారు కదా. చెప్పకపోవడానికి కారణం తీరిక లేకనా, చెబితే తన విలువ పోతుందని పాత ఆపరేటర్ అనుకోవడం వల్లనా?’ ఆ మాట చదివి కుర్చీలోంచి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. వెస్లీ కోహెన్, డేనియల్ లెవింతాల్ 1990లో రాసిన వ్యాసం చదివి రమ్మన్నారు. బయటి జ్ఞానాన్ని పట్టుకొని వాడుకునే శక్తి సంస్థకు తన లోపల అప్పటికే ఉన్న తెలివిని బట్టి వస్తుందని వాళ్లు చెప్పారు. నాలుగుసార్లు చదివాను. మూడోసారికి మా మిల్లు అందులో కనబడింది.

మధ్యలో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే ఉత్తరం, దగ్గర తొమ్మిది రోజులు పోయాయి. పార్ట్‌టైమ్‌కు పనిచేసే చోటి నుంచి ఉత్తరం కావాలి. అందులో మూడు మాటలుండాలి: చదవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ (పీహెచ్‌డీలో పూర్తి చేయాల్సిన క్లాసులు) కోసం డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామని. మా కాలేజీ ఆఫీసులో మూడోది రాయలేదు. దరఖాస్తు పరిశీలనలో తిప్పి పంపారు. మళ్లీ రాయించుకోవడానికి ప్రిన్సిపాల్ ఊళ్లో లేరు. గడువుకు ముందురోజు సాయంత్రం ఐదింటికి సంతకమైంది. నమూనా మీరే టైపు చేసి తీసుకెళ్తే ఈ టెన్షన్ ఉండదు.

సెప్టెంబర్ 11న రెండో ఇంటర్వ్యూ. ఈసారి లోపల ఐదుగురు, ఐదుగురివీ పేపర్లు చదివి వెళ్లాను. ఎవరూ అడగలేదు. కానీ ఎవరు ఏ వైపు నుంచి ప్రశ్న వేస్తారో నాకు ముందే తెలిసిపోయింది. స్టాటిస్టిక్స్ సార్ శాంపిల్ ఎంతని అడుగుతారనుకున్నాను, అదే అడిగారు. పన్నెండు మిల్లులు, ఒక్కో దాంట్లో రెండు సీజన్లు అని చెప్పి, ఎందుకు తక్కువైనా సరిపోతుందో చెప్పాను. పొట్లంలో తీసుకెళ్లిన పక్క పైపు గింజలు బల్ల మీద పోశాను. ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడారు.

సెప్టెంబర్ 26, శుక్రవారం, ఫలితం వచ్చింది. ఆ రోజు అలిగిన బతుకమ్మ, పూలు పేర్చం. ఇంట్లో ఆడవాళ్లం తీరిగ్గా కూర్చుని ఉన్నాం. లిస్టులో నా పేరు ఆరోది, పక్కన గైడ్ కాలమ్‌లో మేడమ్ పేరు. అత్తమ్మకు చూపిస్తే, ‘ఇగ రేపటి బతుకమ్మ పెద్దగ పేర్చాలె’ అంది.

ఖర్చు లెక్క కూడా చెబుతాను, ఇది నన్ను చాలామంది అడిగారు. నెట్ ఫీజు 600. మూడు చోట్ల దరఖాస్తులకు 4,500. ప్రయాణాలు, తిండి కలిపి దాదాపు 6,000. జిరాక్సులు, మైగ్రేషన్ సర్టిఫికెట్, ప్రింట్లు 2,800. చేరేటప్పుడు కట్టింది 23,000. కాలేజీలో జీతం కోత పడిన సెలవులు ఐదు. మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు పదహారు రోజులు పట్టింది, కాబట్టి ఫలితం వచ్చేదాకా ఆగొద్దు.

ఫీజు కట్టిన రోజే మేడమ్‌ను కలిశాను. కోర్సువర్క్ క్లాసులు నవంబర్‌లో మొదలవుతాయి. అంతకుముందే ఒక పని ఇచ్చారు. వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చిన మొదటి వారం, సార్టెక్స్ సెట్టింగ్ ఎవరు మారుస్తున్నారో, రోజుకు ఎన్నిసార్లు మారుస్తున్నారో, అప్పుడు పక్కన ఎవరు నిలబడి చూస్తున్నారో రాసుకొని రమ్మన్నారు. బాపు అప్పుడే రెండు మిల్లుల్లో చెప్పి పెట్టాడు. మూడో మిల్లు ఓనరుతో మాట్లాడడానికి ఈ ఆదివారం నేనే వెళ్తున్నాను.